రాయలసీమ చరిత్ర, నేల, నీళ్ళు, మనుషులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప అనగానే బయటివాళ్ళు అడిగేవి దాదాపు ఒకటే తీరుగా ఉంటాయి. ఎక్కువగా కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు, సీమలో పుట్టి హైదరాబాదు, బెంగళూరులో పెరిగిన పిల్లలు అడుగుతుంటారు. జవాబులు ఎక్కడ మొదలుపెట్టినా నీళ్ళ దగ్గరికే వస్తాయి. ఇక్కడ చరిత్ర మాట్లాడినా, పెళ్ళి సంబంధం మాట్లాడినా అంతే.

రాయలసీమ అంటే ఏయే జిల్లాలు?

పాత లెక్కలో నాలుగు: కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఆ నాలుగూ ఎనిమిదయ్యాయి. బళ్ళారి కూడా ఒకప్పుడు వీటితో కలిసే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి, మిగతాది మైసూరుకు పోయింది. ఆలూరు, రాయదుర్గం పక్క ఊళ్ళలో ఈరోజుకీ ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి.

ఈ పేరు ఎప్పటిది?

1928 నవంబరు నాటిది. నంద్యాలలో దత్త మండలాల సభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు గారు ఈ పేరు ప్రతిపాదించారు. ఆయనది శ్రీకాకుళం వైపు, అనంతపురం కాలేజీలో పనిచేస్తూ ఇక్కడివాడైపోయారు. ఆ సభకు అధ్యక్షులు కడప కోటిరెడ్డి గారు. సీమకు పేరు పెట్టింది సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మనిషి అన్న సంగతి పిల్లలకు చెప్పాలి. ప్రాంతాల మధ్య మాటలు పెరిగినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

దత్త మండలాలు అని ఎందుకన్నారు? ఎవరు ఎవరికి ఇచ్చారు?

విజయనగరం పడిపోయాక ఈ నేల చాలామంది చేతులు మారింది. గోల్కొండ, కడప నవాబులు, మరాఠాలు, హైదరాలీ, టిప్పు, చివరికి నిజాం. టిప్పు మీద 1792లో, 1799లో జరిగిన యుద్ధాల తర్వాత నిజాం వాటాకు వచ్చిన ప్రాంతాలను, ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద, 1800 అక్టోబరు 12న ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. ఇక్కడి రైతును అడిగినవాడు లేడు. ఆ వచ్చిన సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చి 1807 దాకా ఉన్నాడు.

మన్రో మంచివాడా, చెడ్డవాడా?

ఒక్క మాటలో తేలదు. పొలం కొలిపించి, జమీందారును మధ్యలో పెట్టకుండా నేరుగా రైతుతో శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టింది ఆయనే. ఊరూరా తిరిగాడు, గుడారాల్లో పడుకున్నాడు. సీమలో కొందరు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. అదే మనిషి 80 మంది దాకా ఉన్న పాలెగాళ్ళను సైన్యంతో అణిచాడు, శిస్తు మాత్రం బరువుగానే ఉంచాడు. వాన రాని ఏడు కూడా శిస్తు కట్టాల్సిందే అన్న చోట రైతుకు పేరు మీద పట్టా ఉన్నా చేతిలో గింజ ఉండదు. మద్రాసు గవర్నరుగా ఉండగా పర్యటనకు వచ్చి 1827 జూలై 6న మా కర్నూలు జిల్లా పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు.

కర్నూలు కూడా 1800లోనే కంపెనీకి పోయిందా?

లేదు. కర్నూలు కోట, దాని చుట్టుపక్కల నేల నవాబుల చేతిలోనే ఉండి కంపెనీకి కప్పం కట్టేది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగుచేస్తున్నాడని 1839లో కంపెనీ దండెత్తింది. ఆయన్ను తిరుచిరాపల్లికి పంపారు, 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. తగ్గించిన పింఛను, లాక్కున్న మాన్యాలు ఆ తిరుగుబాటుకు నిప్పు. ఆయన తలను ఏళ్ళ తరబడి కోట గుమ్మానికి వేలాడదీశారు. బనగానపల్లె సంగతి ఇంకో తీరు. అది చిన్న సంస్థానంగా 1948 దాకా నిలిచింది.

సీమలో వానలు అంత తక్కువ ఎందుకు?

పటం ముందు పెట్టుకుంటే అర్థమవుతుంది. నైరుతి మేఘాలు అరేబియా సముద్రం నుంచి వచ్చి పడమటి కనుమల అవతలే బరువంతా దించేసుకుంటాయి. మనకు చేరేసరికి గాలి మిగులుతుంది, నీళ్ళు మిగలవు. ఈశాన్యం బంగాళాఖాతం నుంచి వస్తుంది. దాంట్లో ఎక్కువ భాగం నెల్లూరు, చిత్తూరు వైపే కురుస్తుంది, అనంతపురం దాకా వచ్చేసరికి పలచబడుతుంది. అనంతపురానికి ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. కోస్తాలో చాలా చోట్ల దానికి రెట్టింపు దగ్గర పడుతుంది.

సగటు కన్నా మనల్ని ఎక్కువ దెబ్బతీసేది వానకూ వానకూ మధ్య ఎడం. వేరుశనగ చూడండి. మేము బుడ్డలు అంటాం, అనంతపురం వాళ్ళు చెనిక్కాయలు అంటారు. జూన్, జూలై పదునుకు విత్తుతారు. పూత వచ్చి ఊడలు మట్టిలోకి దిగే సమయానికి నేల మెత్తగా ఉండాలి. సరిగ్గా అప్పుడు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే పైన చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఆ తర్వాత సెప్టెంబరులో కుండపోత కురిసి రికార్డుల్లో 'సాధారణ వర్షపాతం' అని రాసుకున్నా రైతుకు ఒరిగేదేమీ లేదు.

అయితే సీమలో నదులు లేవా?

ఎందుకు లేవు! కృష్ణ, తుంగభద్ర, హంద్రీ, పెన్న, కుందూ, చిత్రావతి, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు. కర్నూలు ఊరే తుంగభద్ర ఒడ్డున ఉంది, హంద్రీ ఊళ్ళోనే వచ్చి దాంట్లో కలుస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్న సంగమేశ్వరం కూడా మన పాత కర్నూలు జిల్లా నేలే. అయితే పెన్న, దాని ఉపనదులు వాన పడితేనే పారతాయి. కృష్ణా తుంగభద్రలు పడమటి కనుమల నీళ్ళు తెస్తాయి కానీ లోతుగా, మన పొలాల కింద మట్టంలో పోతాయి. కాలువో, పంపో లేకుండా ఆ నీళ్ళు మన మడిలోకి రావు.

మరి పూర్వం ఎలా బతికారు?

చెరువులతో. దీని గురించి కాస్త పెద్దగానే చెప్పాలి.

కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక చెరువు ఉంది. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించాడు. దాని దగ్గరి రాతి మీద సంస్కృతంలో శాసనం చెక్కించాడు. రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. అంతకన్నా విలువైనది, మంచి చెరువుకు 12 అంగాలు కావాలని ఒక్కొక్కటీ చెప్పడం: ధర్మం, ధనం ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరం నుంచి తీపినీళ్ళు తెచ్చే ఏరు, కట్టకు రెండు వైపులా ఆనుకునే కొండ, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన కడుపు, దగ్గర్లోనే పొడవాటి రాళ్ళు దొరికే గని, పనితనం ఉన్న మనుషులు… ఇలా సాగుతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలను తీసుకెళ్ళి చూపించాల్సిన రాయి అది.

తర్వాత ఆరు దోషాలు చెప్పాడు. కట్ట కారడం, చవుడు నేల, చెరువు మధ్యలో మెరక, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. 650 ఏళ్ళ కింద రాసిన ఈ చివరి మాట చదివితే నాకు కర్ణాటకలో ఉండి మనకూ నీళ్ళివ్వాల్సిన తుంగభద్ర డ్యాం కళ్ళ ముందుకొస్తుంది.

అనంతపురం ఆనుకుని ఉన్న బుక్కరాయసముద్రం చెరువు కూడా విజయనగర కాలందే. చెరువు ఉన్న చోట ఊరు నిలబడింది. పూడిక తీయడం మానేశాక, బోర్లు వచ్చాక చెరువులను జనం మర్చిపోయారు. ఇప్పుడు చీనీ (బత్తాయి) తోటల కోసం వందల అడుగుల లోతుకు బోరు వేస్తున్నారు. నీళ్ళు పడక మళ్ళీ పక్కన ఇంకో పాయింటు చూపించుకుని, ఇంకో అప్పు చేసి వేస్తున్నారు. ఆ టెన్షన్ తెలియని ఇల్లు పల్లెలో లేదు.

కేసీ కెనాల్‌లో (కర్నూలు-కడప కాలువలో) పడవలు తిరిగేవట, నిజమేనా?

నిజమే. కర్నూలు దగ్గర సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ అది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సాగుకూ, పడవలకూ రెండిటికీ పనికొచ్చేలా లాకులు కట్టారు. కాలువను నెల్లూరు తీరం దాకా తీసుకెళ్ళాలని మొదటి ఆలోచన, అది కడప దగ్గరే ఆగిపోయింది. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది. 1933లో పడవలు ఆపేశారు. నంద్యాల చుట్టూ పచ్చగా కనిపించే వరి మళ్ళకు ఈ కాలువే ఆధారం. నంద్యాల సోనా అని బియ్యం బస్తాల మీద చూసేది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకమే.

శ్రీబాగ్ ఒప్పందం అని ప్రతి మీటింగ్‌లో వినిపిస్తుంది. అందులో ఏముంది?

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు రాసుకున్న ఒడంబడిక. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం అడగాలంటే సీమవాళ్ళ భయం ముందు తీరాలి. అందుకే మూడు ముఖ్యమైన మాటలు ఇచ్చారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. రాజధాని, హైకోర్టు రెండిట్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమకు. మూడోది అన్నిటికన్నా పెద్దది: కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్ళ వాడకంలో పదేళ్ళు, అవసరమైతే అంతకన్నా ఎక్కువ కాలం, రాయలసీమకూ నెల్లూరుకూ ముందు చోటు.

మొదటి రెండూ ఏదో ఒక రూపంలో కొంత జరిగాయి. మూడోది పూర్తిగా నెరవేరలేదని సీమలో ఏ రైతునడిగినా చెబుతాడు. నా మాటా అదే.

కర్నూలు నిజంగా రాజధానిగా ఉందా?

1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా. టంగుటూరి ప్రకాశం పంతులు గారు తొలి ముఖ్యమంత్రి. సరిపడా భవనాలు లేక కొన్ని ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. హైకోర్టు గుంటూరులో పెట్టారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాదుకు పోయింది, గుంటూరు నుంచి హైకోర్టూ అక్కడికే పోయింది. కర్నూలు మళ్ళీ జిల్లా కేంద్రమైంది. ఒక తరం పెద్దల గుండెల్లో ఆ దిగులు చివరి దాకా ఉండిపోయింది.

తుంగభద్ర, శ్రీశైలం రెండూ పక్కనే కదా, ఇంకా నీళ్ళ గోడు ఏంటి?

తుంగభద్ర డ్యాం కర్ణాటకలో హోస్పేట దగ్గరుంది. 1953 నుంచి నీళ్ళు నిలుపుతున్నారు. ఎగువ కాలువ, హెచ్చెల్సీ, అనంతపురం, కడప జిల్లాలకు. దిగువ కాలువ, ఎల్లెల్సీ, కర్నూలు పడమటి మండలాలకు. కట్టినప్పుడు 130 టీఎంసీలకు పైగా పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 105 చుట్టుపక్కల పడుతుంది. ఆ తగ్గుదలను లెక్కల్లో పూడిక ఖాతాలో రాసుకున్నా, కొరత మాత్రం కాలువ చివరి రైతుకే తగులుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ వారమంతా ఇక్కడ ఎవరికీ సరిగా నిద్ర లేదు.

శ్రీశైలానికి పూర్తి మట్టం 885 అడుగులు. దాని వెనకనీటి అంచున పోతిరెడ్డిపాడు దగ్గర నుంచి మన కాలువలు బయలుదేరతాయి. జలాశయంలో 854 అడుగులైనా ఉంటే గానీ అక్కడికి నీళ్ళు సరిగా ఎక్కవు. కరెంటు కోసమో, దిగువ అవసరాల కోసమో మట్టం తగ్గించేస్తే జలాశయంలో నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, కాలువ మాత్రం ఎండుతుంది. పైగా ఆ జలాశయం కింద మునిగినవాటిలో మన ఊళ్ళూ చాలా ఉన్నాయి. పొలాలు, ఇళ్ళు, గుళ్ళు వదిలేసి పోయిన కుటుంబాల పిల్లలు ఈరోజు తాగే నీటి కోసం ట్యాంకర్ దగ్గర నిలబడటం చూస్తే మనసు కుదుటపడదు.

1983లో మొదలైన తెలుగుగంగ ఉద్దేశం మద్రాసుకు తాగునీళ్ళు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి. ఆ నీళ్ళు సీమ మీదుగా వెలుగోడు, బ్రహ్మంసాగర్, నెల్లూరు జిల్లాలో సోమశిల, కండలేరు దాటి 1996లో మద్రాసు చేరాయి. దారిలో మన పొలాలు కొన్ని తడిశాయి, సంతోషం. దాహానికి నీళ్ళివ్వడం ధర్మమే. ఆ ధర్మం మన అనంతపురం పల్లెలకు కూడా వర్తించాలని హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం కోసం అన్నేళ్ళు అడగాల్సి వచ్చింది.

కరువు సీమకు వరదలు కూడా వస్తాయా?

వస్తాయి. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, డ్యాం తట్టుకునేలా కట్టిన దానికన్నా చాలా ఎక్కువ. పాతబస్తీలో మొదటి అంతస్తులోకి నీళ్ళొచ్చాయి. జనం మిద్దెల మీద రాత్రులు గడిపారు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి కింది ఊళ్ళు కొట్టుకుపోయాయి.

సీమకు సముద్రం లేదు కదా?

పాత నాలుగు జిల్లాలకు లేదు. 2022లో గూడూరు, సూళ్ళూరుపేట వైపు నేల తిరుపతి జిల్లాలో కలిసింది, దాంతో పులికాట్ వైపు సముద్రపు ఒడ్డు కాగితం మీద మన పక్కకు వచ్చింది. నీటి లెక్కన చూస్తే మాత్రం ఎప్పుడూ సముద్రంతోనే ఉన్నాం. నంది కొండల్లో పుట్టిన పెన్న అనంతపురంలో ఇసుకై, గండికోటలో లోయ కోసుకుని, కడప దాటి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర కడలిలో కలుస్తుంది. పోయే దారంతా ఎవరి చేత్తో ఎన్ని చెంబులు తాగారో అదే ఈ సీమకూ నెల్లూరుకూ ఉన్న చుట్టరికం.

సుగ్గికి పోవడం అంటే?

కోతల కాలంలో కూలికి వలసపోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు ఊళ్ళలో సంక్రాంతి ముందూ వెనకా ఇళ్ళకు తాళాలు పడతాయి. బియ్యం మూట, గిన్నెలు, చంటిపిల్లలతో సహా గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీయడానికి పోతారు. ముసలివాళ్ళు ఇంట్లో మిగులుతారు. అన్నిటికన్నా నష్టపోయేది బడి పిల్లలు. పరీక్షల ముందు మూడు నెలలు మిరప చేలో గడిపిన పిల్ల మళ్ళీ బెంచీ మీద కూర్చోవడం కష్టం. కడప, రాయచోటి, రాజంపేట వైపు వలస వేరు. అక్కడ ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు.

ఫ్యాక్షన్ గురించి?

ఉండేది, చాలా ఇళ్ళను కూల్చింది, మేము దాన్ని దాచం. పాలెగాళ్ళ కాలం నాటి పెత్తనం, ఊరి మీద పట్టు, తర్వాత ఎన్నికలు, కాంట్రాక్టులు కలిసి పెంచిన జబ్బు అది. కానీ సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచే సీమ మాత్రమే చూసి మా పిల్లలను హాస్టల్లో 'మీ ఊళ్ళో బాంబులు వేసుకుంటారా' అని అడగడం న్యాయం కాదు. ఇక్కడ తొంభైతొమ్మిది మంది వాన కోసం, ఫీజు కోసం, కూతురి పెళ్ళి కోసం తల పట్టుకునేవాళ్ళే.

హిందువులు, ముస్లింలు ఎలా ఉంటారు?

దేవుని కడపలో ఉగాది రోజున చూడండి. వెంకటేశ్వర స్వామి గుడి ముందు ముస్లింలు కొబ్బరికాయలు, బెల్లం పట్టుకుని వరసలో నిలబడతారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, ఆ లెక్కన స్వామి మా అల్లుడు అంటారు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రంకు కుళ్ళాయిస్వామి పీరును ఎత్తుకునేవాళ్ళలో హిందువులే ఎక్కువ. కడప పెద్ద దర్గాకు రాని కులం లేదు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య ముస్లిమే. వీటిని కాపాడుకోవడం మా పని.

మీ తిండి?

రాగి సంగటి, ఊరిబిండి, జొన్నరొట్టె, పొద్దున ఉగ్గాని బజ్జి, కడప కారం దోసె. పండగకు ఓళిగలు. ఎండాకాలం బనగానపల్లె మామిడి.

నిజంగా పొలాల్లో వజ్రాలు దొరుకుతాయా?

దొరుకుతాయి, అరుదుగా. తొలకరి పడి మట్టి కడిగాక జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. ఎండ పడి మెరిసిన రాయి ఏరుకుంటారు. వ్యాపారులు ఆ రోజుల్లో అక్కడే మకాం వేస్తారు. దొరికినవాళ్ళ పేరు పేపర్లో వస్తుంది, వారం కూలి వదులుకుని ఒట్టి చేతులతో తిరిగి పోయినవాళ్ళది రాదు. అదే దారిలో ఎర్రగుడి దగ్గర కొండరాళ్ళ మీద అశోకుడి శాసనాలున్నాయి, అవి తప్పకుండా కనిపిస్తాయి.

తెలుగులో మొదటి శాసనం సీమలోదేనా?

పూర్తిగా తెలుగులో రాసిన తొలి శాసనాలుగా చెప్పేవి కడప జిల్లా కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు. రేనాటి చోళులవి. కలమళ్ళది క్రీ.శ. 575 ప్రాంతం.

చూడటానికి రావాలంటే ఎప్పుడు, ఎటు?

నవంబరు నుంచి జనవరి వరకు హాయి. మేలో వద్దు, గండికోట రాళ్ళ మీద కాలు పెట్టలేరు. కర్నూలు నుంచి బనగానపల్లె మీదుగా యాగంటి, అక్కడి నుంచి బెలుం గుహలు (3 కిలోమీటర్లకు పైగా పొడవు, సగం దాకా లోపలికి రానిస్తారు, ఉక్కపోతగా ఉంటుంది), తర్వాత జమ్మలమడుగు మీదుగా గండికోట ఒకే వరసలో వస్తాయి. లేపాక్షి, పెనుకొండ అనంతపురం దక్షిణాన వేరే దారి. ఎగువ అహోబిలం చుట్టూ ఉన్న గుళ్ళకు నడక ఉంది, నీళ్ళు వెంట పెట్టుకోండి. సంగమేశ్వరం గుడి మాత్రం శ్రీశైలం మట్టం బాగా తగ్గిన ఎండాకాలంలోనే బయటపడుతుంది. బయలుదేరే ముందు కర్నూలులో ఎవరినైనా గుడి తేలిందా అని అడిగి రండి.